అవ్వ చిటికెన వేలు, సీసం ముద్ద

పోయిన నెల మా చిన్నమ్మను బాన్సువాడలో పళ్ళ దవాఖానకు తీసుకుపోయాను. చిన్నమ్మ అంటే మా నాయిన తమ్ముడి భార్య, రుక్మిణి. కింది దవడలో చివరి పన్ను పుచ్చి చెంప ఉబ్బింది. విత్తనాల దుకాణం మీది అంతస్తులో దవాఖాన. ఇరుకు మెట్లు. కింద ఆటోలవాళ్ళు పిట్లం, వర్ని అని అరుస్తుంటే ఆమె ఒక చేత్తో చెంప, ఒక చేత్తో గోడ పట్టుకుని ఎక్కింది. డాక్టరు కుర్రవాడు. నోట్లోకి లైటు వేసి ఒక్కో పన్నూ చూశాడు. తర్వాత "అవ్వా, గీ వయసుల ఇన్ని సొంత పళ్ళు నేను ఇంతవరకు చూడలేదు" అన్నాడు. ఆమె గొప్పగా నా వైపు చూసింది. పక్క గదిలో ఎక్స్‌రే తీయడానికి ఒక అమ్మాయి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మెడ నుంచి మోకాళ్ళ దాకా నీలం రంగు బరువైన గుడ్డ ఒకటి కప్పింది.

"గిదేంది బిడ్డా, గింత బరువున్నది? బండ పెట్టినట్టున్నది."

"లోపల సీసం ఉంటదవ్వా. ఎక్స్‌రే నీ పెయ్యికి తాకకుండ ఆపుతది."

చిన్నమ్మ వాచిన చెంపతోనే నా వైపు తిరిగింది. "ఇన్నవా వినోదా? సీసమట. నన్ను కాపాడుతదట!" అని నవ్వడం మొదలుపెట్టింది. నేనూ ఆగలేకపోయాను. ఇద్దరు ముసలివాళ్ళు ఒక ఏప్రాన్‌ను చూసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా ఎందుకు నవ్వుతున్నారో ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "అవ్వా, కదలకు, ఫొటో ఖరాబైతది" అని రెండుసార్లు కసిరింది. ఆ అమ్మాయికి అక్కడ నిలబడి చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు బాన్సువాడకు దగ్గరే. వరి, చెరుకు పండించే ఇల్లు మాది. ఉమ్మడి కాపురం. ఇంటి పెత్తనం మా నాయినమ్మది. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్ళం. తెల్లవారకముందే లేచి ఆమె చేసే మొదటి పని వాకిలి చూడడం కాదు, పెరుగు చూడడం. రాత్రి తోడుపెట్టిన కుండ మూత తీసి పెరుగు వాసన పీల్చేది. అది పుల్లగా, తియ్యగా, సరిగ్గా ఆమెకు కావలసినట్టు ఉంటే ఆ రోజు ఇంట్లో అందరికీ శాంతి. సాయంత్రం కాగిన పాలు చల్లార్చి, చిటికెన వేలు ముంచి, కళ్ళు మూసుకుని నిలబడేది. వేలు ఒప్పుకుంటేనే తోడు పడాలి. "జరంత ఎచ్చగున్నయి, ఆగుండ్రి" అంటే ఆగాల్సిందే. ఆ వేలికి తెలియకుండా ఆ ఇంట్లో పాలు చల్లారేవి కావు. మా అమ్మ కూడా ఎన్నోసార్లు వేలు ముంచి చూసింది, కానీ పెరుగు అవ్వ తోడేసినట్టు కుదిరేది కాదు. దాన్ని మేము అవ్వ చేతి మహిమ అనుకునేవాళ్ళం. అది మహిమ కాదు, ఏళ్ళ తరబడి ఒకే పనిని శ్రద్ధగా చేసిన చర్మం. ఆ తేడా నాకు తర్వాత తెలిసింది.

వంటంతా ఇత్తడి గంజుల్లో. ఇత్తడిలో పులుపు వండితే చిలుము పట్టి విషమవుతుందని లోపల తగరం పూత పూయించేవారు. దాన్నే కలాయి అంటారు. ఏడాదికోసారి కలాయి వేసేవాడు వచ్చి మా పెరట్లో గుంట తవ్వి, తోలుతిత్తితో బొగ్గులు మండించి, గంజును ఎర్రగా కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం కడ్డీ రాసి దూదితో తుడిచేవాడు. గుప్పుమని తెల్లటి పొగ, ముక్కు పగిలే ఘాటు. ఆ పొగ వెనక నల్లటి గంజు లోపలి నుంచి వెండిలా మెరుస్తూ వచ్చేది. పిల్లలమంతా దగ్గుతూ కూడా అక్కణ్ణుంచి కదిలేవాళ్ళం కాదు.

అవ్వకు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు, ముఖ్యంగా కలాయి వేసేవాడి మీద. తగరంలో చౌక లోహం కలిపి మోసం చేస్తాడని ఆమె అనుమానం. అందుకని తన తగరం తానే కొనేది. అంగట్లో చూసి, చేత్తో ఎత్తి, గోటితో గీరి, బేరం చేసి ముద్దగా తెచ్చి, చీర మడతల్లో పెట్టి, కలాయి రోజున బయటికి తీసేది. ఊళ్ళో తక్కిన పెద్దింటి ఆడవాళ్ళది కూడా అదే పద్ధతి. ఆ ఏడు కూడా ఒక పెద్ద ముద్ద తెచ్చింది. కలాయి వేసేవాడు దాన్ని చేతిలోకి తీసుకుని మొహం చిట్లించాడు.

"గీ మాల్ మంచిగ లేదవ్వా. నా కడ్డీ తీసుకో."

"నీ కడ్డీ అమ్ముకునేటందుకు నా ముద్దకు వంక పెడ్తున్నవా? పోయినేడు గిదే మాట అన్నవ్, ఆ ముందటేడు గిదే అన్నవ్. నోరు మూసుకొని వెయ్యి."

అవ్వ తప్పు మాట్లాడలేదు. అతను ప్రతి ఇంట్లో, ప్రతి ముద్దనూ అదే మాట అనేవాడు. అన్నిటినీ చెడ్డవనేవాడు ఒక్కసారి నిజం చెప్పినా ఆ నిజానికి విలువ ఉండదు. నేను తర్వాత మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఎన్నో వేదికల మీద వాదించిన సంగతిని మొదటిసారి విన్నది మా పెరట్లోనే. అతను భుజాలెగరేసి, పూత పట్టుకోవడానికి తన తగరం కాస్త రాసి, పైన మా ముద్దే పూసి పోయాడు. గంజు మెరిసింది. అవ్వ మురిసింది.

కొన్ని నెలలకు ఇంట్లో జబ్బు మొదలైంది. మా చెల్లె సుజాతకు కడుపులో మెలితిప్పే నొప్పి. మోకాళ్ళు పొట్టకు అదుముకుని మూలిగేది. మొహం పాలిపోయింది. తర్వాత అమ్మకు కుడి మణికట్టు వాలిపోవడం మొదలైంది. బావి దగ్గర నీళ్ళ బకెట్ ఎత్తబోతే చెయ్యి మాట వినేది కాదు. నాయినకూ చిన్నాయినకూ కొంచెం నీరసం, అంతే. నేను ఇంటర్ చదువుతూ బాన్సువాడలో కిరాయి గదిలో ఉండేదాన్ని, వారానికోసారి ఇంటికి పోయేదాన్ని, నాకేమీ కాలేదు. ఇంట్లో ఉంటూ ఏమీ కానిది ఇద్దరికే, అవ్వకు, చిన్నమ్మకు. ఇంటి పెద్ద గనుక అవ్వను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

చిన్నమ్మ డోంగ్లి దిక్కు నుంచి వచ్చింది. ఆ వైపు ఇళ్ళలో మరాఠీ, తెలుగు కలిసే ఉంటాయి. మా ఇంటికి కోడలుగా వచ్చాక తెలుగే మాట్లాడింది గానీ, పిల్లలను జోకొట్టేటప్పుడు మాత్రం నోటికి మరాఠీయే వచ్చేది. నొప్పితో ఏడుస్తున్న సుజాతను ఒళ్ళో పెట్టుకుని "ఉగీ, ఉగీ" అని గొణుగుతూ ఊపేది. ఊరుకో, ఊరుకో అని దానర్థం. వాకిట్లో నుంచి చూసేవాళ్ళకు ఆ అర్థం అక్కరలేకపోయింది. ఆమె పెదవులు కదిలిన కొద్దీ పిల్ల నొప్పి పెరుగుతోందన్నారు. అందరికీ రోగమొచ్చి ఆమెకు రాలేదంటే చేసేది ఆమేనన్నారు. అలాంటి చేతబడికి మా ప్రాంతంలో ఒక పేరుంది, బాణామతి. ఆ పేరు ఒక ఆడమనిషికి అంటుకుంటే దానికి చేసే వైద్యం కూడా ఉంది. ఆమె నోట మంత్రం సరిగా పలకకుండా ఉండేందుకు ముందరి పళ్ళు పీకేస్తారు. కటకారుతో, అంటే పట్టుకారుతో, అందరూ చూస్తుండగా. ఇది నేను కథల్లో చదివిన ముచ్చట కాదు. పక్క ఊరిలో అలా పళ్ళు పోయిన ఒకామె అంగటికి వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బేరమాడడం చిన్నప్పుడు నేను చూశాను.

ఒక ఆదివారం ఇంటికి పోయేసరికి నిర్ణయం అయిపోయింది. అమావాస్యనాడు మంత్రగాణ్ణి తీసుకుని ఊరి పటేలు మా ఇంటికి వస్తాడు. నాయిన తల దించుకుని కూర్చున్నాడు. చిన్నాయిన చెరుకు తోటకు పోయి పొద్దుగూకేదాకా రాలేదు. అంతటి పిరికివాడు. చిన్నమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"నా పళ్ళు పీకుతరట వినోదా," అంది పిండి మీద నుంచి కళ్ళెత్తకుండా. "నా బాధ నొప్పికి కాదు. పళ్ళు లేకుంటే రొట్టె ఎట్ల తింటనే? మీ పులుసన్నం నాకు పోదు కదా."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆమె రొట్టె తింటుంది! రోజూ. రొట్టె, ఉల్లిగడ్డ, వెల్లుల్లి కారం. మా చింతపండు పులుసు ఆమె గొంతు దిగదు. తక్కినవాళ్ళంతా పులుసన్నమే. కానీ మగవాళ్ళకు ఎందుకు కొంచెమే తగిలింది? ఎందుకంటే మగవాళ్ళు పొయ్యి మీద నుంచి దించిన పులుసు తింటారు. మిగిలింది రాత్రంతా ఆ గంజులోనే నానుతుంది. పొద్దున ఆ అడుగుది చద్దన్నంలో కలుపుకుని తినేది అమ్మ, చెల్లె. అవ్వకు పెరుగన్నం తప్ప ఏదీ పడదు. ఎవరు ఏ పూట ఏ గిన్నెలోది తింటారో చెప్పండి, ఎవరికి ఎంత రోగమో నేను చెప్తాను, అన్నట్టుంది లెక్క. ఊరంతా చూసిన ఆధారాన్నే నేనూ చూశాను. ఆమెకు రోగం రాలేదన్నది నిజమే. కానీ ఆ నిజం ఆమె వైపు కాదు, గంజు వైపు వేలు చూపిస్తోంది.

"అవ్వా, ఆ కలాయి ముద్ద మిగిలిందా?"

"ఎందుకే పోరీ?"

"చూస్త."

"చూసుడేంది? స్వచ్ఛమైన తగరం. నేను ఏరి తెచ్చిన. నా ముద్దను అనుమానిస్తున్నవా, ఆ పొల్లను ఎనకేసుకొస్తవా?"

"అనుమానిస్త లేనవ్వా. తగరమే అయితే వాపస్ తెచ్చి నీ చేతుల పెడ్త."

నా మీద కోపంతోనే చీరల్లోంచి తీసి విసిరింది. ముద్దను సంచీలో వేసుకుని, సుజాతను వెంట పెట్టుకుని మరునాడు పొద్దున బస్సెక్కాను. సర్కారు దవాఖానలో డాక్టరు పిల్ల పొట్ట నొక్కి, నులిపురుగులని మందు రాశాడు. నేను పిల్లను గదిలో పడుకోబెట్టి కాలేజీకి పోయాను.

మా కెమిస్ట్రీ సారుది వర్ని. వాళ్ళ పెద్దలు కాలువ నీళ్ళ కింద వరి పండించడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆయన తెలుగు మాకు వింతగా ఉండేది, మా తెలుగు ఆయనకు. ఇంట్లో జరిగిందంతా చెప్పి ముద్ద బల్ల మీద పెట్టాను.

"ఏంటమ్మా ఇది?"

"తగరం అని కొన్నది సార్, మా అవ్వ."

"ఏమని కొన్నారో నేనడగలేదు. ఇదేంటి?"

"మీరు చూస్తే తెలుస్తది కద సార్."

"నాకేదో అనిపిస్తోంది. అయితే ఏంటి? మీ ఊళ్ళో వాళ్ళకీ ఏదో అనిపించబట్టే కదా ఆవిడ పళ్ళ మీదకొచ్చింది! అనిపించింది పక్కన పెట్టి కొలువు. మోల్‌కి ఎంత బరువో కనుక్కో, అదే దాని పేరు చెబుతుంది."

ఇప్పటి పిల్లలు మోలార్ ద్రవ్యరాశి అనేదాన్ని మేము పరమాణు భారం అని చదువుకున్నాం. అంకె ఒక్కటే. ప్రతి మూలకానికి ఒక అంకె, అది ఇంకో మూలకానికి ఉండదు. దొంగ పేరు పెట్టుకోవచ్చు గానీ దొంగ బరువు పెట్టుకోలేదు. సరే, కంటికి కనిపించని అణువులను తూచేదెట్లా? సారు చెప్పిన పోలిక ఇప్పటికీ నేను సభల్లో వాడుతుంటాను.

"క్వింటాలు బరువు తూగే పహిల్వాన్లని ఒక గదిలో కూర్చోబెట్టు. క్వింటాలు బరువు తూగే చిన్నపిల్లల్ని ఇంకో గదిలో కూర్చోబెట్టు. మనిషికో గ్లాసు టీ పొయ్యి. టీ ఎక్కడ ఎక్కువ ఖర్చవుతుంది?"

"పిల్లల దగ్గర సార్. తలకాయలు ఎక్కువ కద."

"అంతే. వేడి కూడా అణువుకి ఇంత అని పంచుతారు, బరువు చూసి కాదు. బరువైన అణువులున్న లోహం తూకానికి తక్కువ వేడి తాగుతుంది. ఎంత తాగిందో కొలిస్తే, అణువు ఎంత బరువో తేలుతుంది."

ముద్దను ఉలితో కొడితే పగల్లేదు, మైనంలా సాగి తెగింది. ముక్కలు తూచి, దారం కట్టి మరిగే నీళ్ళలో వేలాడదీసి, తీసి చల్లటి నీళ్ళలో వేసి, ఆ నీళ్ళు ఎంత వేడెక్కాయో చూశాను. లెక్క కడితే నూట నలభై దగ్గర వచ్చింది. సారు గోడ మీది మూలకాల పట్టిక చూసి, "అభినందనలు. మీ అవ్వగారు బాన్సువాడ అంగట్లో సీరియం అనే అరుదైన లోహం కొన్నారు" అన్నాడు. నేను మొహం మాడ్చుకున్నాను. ముక్కలతో పాటు వాటికి అంటుకున్న మరిగే నీళ్ళు కూడా పడుతున్నాయని, వేడి ఎక్కువ చూపించేది అవేనని నాతోనే చెప్పించాడు. ఈసారి ముక్కలను పొడి పరీక్షనాళికలో పోసి, నాళికను మరిగే నీళ్ళలో నిలబెట్టి, పొడిగానే చల్లటి నీళ్ళలోకి వంపాను. నీళ్ళు వేడెక్కింది చాలా తక్కువ. ఒక డిగ్రీకి ఒక మోల్ లోహం తాగే వేడి దాదాపు ఆరు చిల్లర కెలోరీలు. మా ముద్ద ఒక గ్రాముకు తాగింది అందులో రెండు వందో వంతు మాత్రమే. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. ప్రతిసారీ రెండు వందలకు కాస్త అటో ఇటో. తగరం అంకె నూట పంతొమ్మిది.

"మరి మన పద్ధతి తగరాన్ని తగరమని గుర్తుపడుతుందా? అది చూడకుండా మీ అవ్వగారితో పోట్లాటకి పోతావా?" అని ప్రయోగశాలలో ఉన్న అసలు తగరం ఇచ్చాడు. దానికి నూట పదిహేను వచ్చింది. పద్ధతి కొంచెం మోటుదే గానీ, నూట పంతొమ్మిదిని రెండు వందలుగా చూపించేంత గుడ్డిది కాదు.

పట్టికలో రెండు వందల చుట్టుపక్కల ఉన్నవి కొన్నే. ప్లాటినం, బంగారం ఉన్నాయి. ఆ ముద్ద బంగారమే అయితే మా అవ్వ నన్ను ఎత్తుకుని తిరిగేది. పాదరసం ద్రవం. థాలియం మా అంగళ్ళలో దొరికేది కాదు. బిస్మత్ దెబ్బ కొడితే పెళుసుగా పగులుతుంది, మాది సాగింది. మిగిలింది ఒక్కటి, రెండు వందల ఏడు. సీసం. పాత బ్యాటరీ పలకలు కరిగించి ముద్ద చేసి ఎవరో తగరమని అమ్మి ఉంటారు. చేతికి బరువుగా ఉందని అవ్వ అసలైనదనుకుంది. మోసపోతానేమో అన్న భయంతోనే మోసపోయింది.

ఆ పేరు పట్టుకుని సుజాతతో మళ్ళీ డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. సీసం అనగానే ఆయన కుర్చీలోంచి లేచి, సుజాత కింది పెదవి కిందికి లాగాడు. చిగురు అంచున సన్నగా, పెన్సిలుతో గీసినట్టు నీలి నలుపు గీత. పొద్దున కూడా అది అక్కడే ఉంది. వెతకాల్సింది ఏమిటో తెలియని కన్నుకు కనిపించలేదు, అంతే. "ఆ గంజుల వండుడు ఇయ్యాల్టి నుంచే బంద్ చేయండమ్మా. మీ అమ్మను కూడ తీసుకరా" అన్నాడు.

అమావాస్య మధ్యాహ్నం సుజాతతో ఇల్లు చేరాను. సాయంత్రానికి పటేలు వస్తాడు. అవ్వ గడప మీద కూర్చుని ఉంది. సీసం అంటే కన్నెత్తి కూడా చూడలేదు.

"మీ సారు చెప్తే అయిపాయెనా? ఆంధ్రాయన. కాయితం మీద లెక్కలు ఎవలన్న ఏస్తరు."

"లెక్క వద్దవ్వా. నీ వేలు పెట్టి చూడు."

పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టాను. సారు దగ్గర అడిగి తెచ్చిన తగరం ఒక పొడి గ్లాసులో, దానికి సమానంగా తూచిన అవ్వ ముద్ద ముక్కలు ఇంకో పొడి గ్లాసులో వేసి, రెండు గ్లాసులనూ ఆ నీళ్ళలో నిలబెట్టాను. రెండు చెంబుల్లో ఒకే కడవ నీళ్ళు, ఒకే కొలత. ఏ చెంబులో ఏది వేశానో అవ్వ చూడకుండా నాయినతో ఆమె కళ్ళు మూయించాను. నాయిన ఆ వారంలో చేసిన మొదటి పని అది. పావుగంట మరిగాక రెండింటినీ చెంబుల్లోకి వంపి, కలిపి, అవ్వ చేతిని పట్టుకుని ముంచాను. పాలకు పెట్టే అదే చిటికెన వేలు. ఇటు, అటు, మళ్ళీ ఇటు. అమ్మ గోడకానుకుని చూస్తోంది. చిన్నమ్మ పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు.

"గిది తోడుకు పనికొస్తది," అంది అవ్వ కుడి చెంబు మీద వేలు నిలిపి. "గిది పనికిరాదు. సల్లగుంది."

"రెండూ ఒకే తూకం, ఒకే నీళ్ళల్ల మరిగినయి అవ్వా. రెండూ తగరమే అయితే నీ వేలు తేడా చెప్తదా?"

అవ్వ కళ్ళు తెరిచింది. చల్లటి చెంబు వంచి నీళ్ళు పారబోసి, అడుగున మిగిలిన ముక్కలు చేతిలోకి తీసుకుంది. తన ముద్దను ఆమె గుర్తుపట్టకపోవడమేమిటి! వాటిని అలాగే గుప్పిట్లో పట్టుకుని గడప మీద కూర్చుంది. సుజాత చిగురు చూపించాను. డాక్టరు మాట చెప్పాను. ఎవరు రొట్టె తింటారో, ఎవరు చద్దన్నం తింటారో చెప్పాను. ఆమె వింటున్నదో లేదో తెలియలేదు. నాయిన "అమ్మా" అన్నాడు. ఆమె ముక్కలను గోటితో గీరుతూనే ఉంది.

పటేలు వచ్చాడు. వెనక మంత్రగాడు, వాడి చేతిలో గుడ్డలో చుట్టిన కటకారు, వాళ్ళ వెనక పది పన్నెండు మంది. అవ్వ గడప మీద నుంచి లేవలేదు. గడప నిండా ఆమే ఉంది.

"అవ్వా, జర పక్కకు జరుగు. కోడల్ని బైటికి పిలువు," అన్నాడు పటేలు.

"ఎందుకు?"

"ఎందుకేంది? అందరికి నొప్పులు రావట్టె. గామె ఒక్కదానికి ఎందుకు రాలె?"

"గామె రొట్టె తింటది పటేలా," అన్నాను నేను. కొందరు నవ్వారు. మంత్రగాడు నవ్వలేదు. గుడ్డ విప్పబోయాడు.

అవ్వ చెయ్యి చాచి ఆ సీసం ముక్కలు పటేలు కాళ్ళ ముందు విసిరేసింది. "గంజుల విషం పూయించింది నేను. నా చేతుల్తోని కొనుక్కొచ్చిన. తగరమనుకొని సీసం తెచ్చిన. దానికి ఏ మంత్రం లేదు, నా తెలివితక్కువతనమే ఉన్నది. పీకుతే నా పళ్ళు పీకుండ్రి. రా, నోరు తెరుస్త. ఉన్నయే నాలుగు."

నిజంగానే నోరు తెరిచింది. ఆ నాలుగూ అందరికీ కనిపించాయి. పటేలు తల తిప్పుకున్నాడు. ఆ ఇంటి పెద్ద ముసలామె పళ్ళ మీద చెయ్యి వేసే ధైర్యం ఆ గుంపులో ఎవరికీ లేదు. ఊరికి దూరం నుంచి వచ్చిన కోడలి పళ్ళయితే అందరికీ ధైర్యమే. బాణామతి ఎప్పుడూ బలం లేనివాళ్ళ ఇంటికే దారి వెతుక్కుంటుందన్నది నేను ఆ సాయంత్రం నేర్చుకున్న పాఠం. గుంపు ఒక్కొక్కరుగా పలచబడింది. మంత్రగాడు కటకారును మళ్ళీ గుడ్డలో చుట్టుకున్నాడు.

అవ్వ లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. చిన్నమ్మకు క్షమాపణ చెప్పలేదు. అలాంటి మాటలు ఆ తరం అత్తల నోటికి రావు. "రుక్మిణీ, నాకు ఒక రొట్టె పెట్టు. నీళ్ళల్ల నానబెట్టి పెట్టు" అంది. చిన్నమ్మ పెట్టింది. నా కళ్ళ ముందే తిన్నది, జీవితమంతా పెరుగన్నం తప్ప ముట్టనిది.

సుజాత కోలుకుంది. అమ్మ చెయ్యి చాలా కాలానికి చాలావరకు బాగైంది గానీ, బరువెత్తేటప్పుడు ఎడమ చేతినే ముందు చాచే అలవాటు చివరిదాకా పోలేదు. అవ్వ మాత్రం కొత్త మాట ఒకటి పట్టుకుంది. ఎవరు ఏమి చెప్పినా, పంతులు ముహూర్తం చెప్పినా, ఎరువుల దుకాణంవాడు కొత్త మందు చూపించినా, "కొలిసినవా?" అనేది. ఆమె నాస్తికురాలు కాలేదు. గుమ్మానికి నిమ్మకాయలు అలాగే వేలాడాయి. ఒక ప్రయోగంతో మనిషి మొత్తం మారిపోతుందని నేను ఎన్నడూ అనలేదు. ఒక ప్రయోగంతో ఒక కటకారు వెనక్కి పోతుంది. నాకది చాలు.

ఇప్పుడు మా ఇళ్ళలో స్టీలు, కుక్కర్లు. నవసాగరం వాసన తెలిసిన పిల్లలు లేరు. బాగుపడ్డాం అనుకునేంతలో మా మేనకోడలు ఫోనులో చూసి, పూర్వీకుల ఆరోగ్య రహస్యమని రాసిన ఇత్తడి గిన్నె తెప్పించింది, లోపల తళతళలాడే పూతతో. "లోపల పూసిందేందే?" అంటే, "నేచురల్ అత్తమ్మా, చూడు, ఎంత మంచిగ రాసిండ్రో" అని ఫోను చూపించింది. అవ్వ అంగట్లో కనీసం చేత్తో ఎత్తి చూసింది, గోటితో గీరి చూసింది. తప్పుడు పరీక్షయినా పరీక్షే. మా మేనకోడలు అదీ చేయలేదు. నేను గిన్నెను తీసుకుపోయి పరీక్షకు ఇచ్చేదాకా పులుపు వండొద్దని చెప్పాను. ముసలిదాని చాదస్తం అనుకుంది, అనుకోనీ. బాణామతి మాటలు కూడా పోలేదు. ఇదివరకు అవి ఒక ఊరు దాటడానికి ఒక అంగడి రోజు పట్టేది, ఇప్పుడు ఫోటోతో సహా చేతిలోకే వస్తాయి. కానీ ఇప్పుడు ప్రతి కాలేజీలో థర్మామీటరు ఉంది, ప్రతి పిల్ల చేతిలో ఆ మూలకాల పట్టిక ఉంది. వేలు పెట్టి చూడమని అడిగేవాళ్ళు కావాలి. వాళ్ళు ఉంటారనే నా నమ్మకం. ఎందుకంటే అప్పట్లో మా ఊళ్ళో అలాంటివాళ్ళు ఎవరూ లేరనే అందరూ అనుకున్నారు.

ఎక్స్‌రే అయ్యాక ఆ అమ్మాయి చిన్నమ్మ మీద నుంచి సీసం గుడ్డ తీసి కొక్కేనికి తగిలించింది. పన్ను వేరు దాకా పుచ్చిందని, తీసేయడమే మేలని డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి మాకు చూపించాడు. ఆ నల్ల మచ్చను చిన్నమ్మ కళ్ళద్దాలు సర్దుకుని తన కళ్ళతో చూసింది. చూశాకే తలూపింది. ఆయన సూది సిద్ధం చేస్తూ, అందరినీ అడిగే మాటే ఆమెనూ అడిగాడు.

"అవ్వా, ఇంతకుముందు ఎప్పుడన్న పన్ను పీకించుకున్నవా?"

"పీకుతమని వచ్చిండ్రు బిడ్డా," అంది చిన్నమ్మ, నోరు పెద్దగా తెరవబోతూ. "మా అత్త పీకనియ్యలె."